పంక్తి దగ్గర పుట్టిన వాదన



ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ మాట్లాడుకునే మాటల్లో, మా జొన్నాడలో ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. "రక్షణ ఉచితమండీ, నమ్మితే చాలు" అంటారు ఒకరు. "నమ్మితే సరిపోద్దా? నమ్మినట్టు బతకొద్దా?" అంటారు ఇంకొకరు. మొదటివారు అపొస్తలుడైన పౌలును సాక్ష్యానికి పిలుస్తారు, రెండోవారు యాకోబును పిలుస్తారు. ఇద్దరి చేతుల్లో ఉన్నదీ ఒకే బైబిలు. విశ్వాసం ముందా, సత్క్రియలు ముందా, రెంటికీ సంబంధం ఏమిటి అన్న ఈ ప్రశ్న మీద ఈ పూట నాకు తోచింది చెబుతాను.

దూరాన ఉండి వింటున్నవారి కోసం మా ఊరి గురించి ఒక్క మాట. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గౌతమి ఎడమ గట్టున, ఆలమూరు మండలంలో ఉంది జొన్నాడ. వంతెన దాటితే రావులపాలెం, అక్కణ్నుంచి కొత్తపేట, అమలాపురం, రాజోలు. మా చుట్టుపక్కల లూథరన్లున్నారు, బ్రదరిన్లున్నారు, బాప్టిస్టులున్నారు, కథోలికులున్నారు, ఏ పెద్ద సంఘానికీ చెందని చిన్న చిన్న మందిరాలూ ఉన్నాయి. అందుకే ఇక్కడ ఈ వాదనకు ఎప్పుడూ వేడి తగ్గదు.

పౌలు చెప్పేదేమిటి? మనిషి ధర్మశాస్త్రాన్ని తు.చ. తప్పకుండా పాటించి, దాని బలంతో దేవుడి ముందు నీతిమంతుడినని నిలబడలేడు. క్రీస్తును నమ్మినవాణ్ని దేవుడే తన కృపతో నీతిమంతుడిగా ఎంచుతాడు. రోమా పత్రికలోనూ గలతీ పత్రికలోనూ ఆయన తిప్పి తిప్పి చెప్పేది ఇదే. యాకోబు చెప్పేదేమిటి? ఒంటి మీద బట్ట లేనివాడు, ఆ పూటకు తిండి లేనివాడు ఎదురైతే నోటితో దీవించి పంపేసి, చేత్తో ఏమీ పెట్టనివాడి విశ్వాసం ప్రాణం లేని శవమంటాడు. పైగా ఇద్దరూ తమ తరఫున సాక్ష్యానికి తెచ్చుకున్నది ఒక్క మనిషినే, అబ్రాహామును. పౌలు చూపేది ఆదికాండం 15వ అధ్యాయంలోని అబ్రాహామును: ఇంకా బిడ్డ పుట్టలేదు, సున్నతి జరగలేదు, నక్షత్రాల కింద నిలబడి దేవుడి మాట నమ్మాడు, అంతే. యాకోబు చూపేది 22వ అధ్యాయంలోని అబ్రాహామును: పుట్టిన బిడ్డ ఇస్సాకును వెంటబెట్టుకుని కొండెక్కినవాడు. ఆ రెండు అధ్యాయాల మధ్య ఏళ్లకు ఏళ్లు గడిచాయి. నమ్మిన రోజు ఒకటి, ఆ నమ్మకం నిజమేనని తేలిన రోజు ఇంకొకటి. పౌలు మొదటి రోజు గురించి మాట్లాడుతున్నాడు, యాకోబు రెండో రోజు గురించి మాట్లాడుతున్నాడు. ఇలా చూస్తే ఇద్దరికీ పేచీ లేదనే చాలామంది పెద్దలు సమాధానపడ్డారు. నేనూ ఆ మాట ఒప్పుకుంటాను.

ఐరోపాలో మాత్రం ఈ పేచీ నెత్తురు దాకా వెళ్లింది. డబ్బు కట్టించుకుని పాపశిక్షకు మినహాయింపు పత్రాలు అమ్ముతున్న రోజుల్లో, 1517లో మార్టిన్ లూథర్ అడ్డం తిరిగాడు. విశ్వాసం ఒక్కదాని వల్లనే మనిషి నీతిమంతుడవుతాడన్నాడు. ఆ పట్టుదలలో 1522 నాటి తన కొత్త నిబంధన ముందుమాటలో యాకోబు పత్రికను బాగా తక్కువ చేసి రాశాడు కూడా. అయితే అదే లూథర్, నిజమైన విశ్వాసం ఊరుకోదనీ, మంట నుంచి వేడిని విడదియ్యలేనట్టే విశ్వాసం నుంచి మంచి పనిని విడదియ్యలేమనీ బోధించాడు. దీనికి జవాబుగా 1547లో ట్రెంట్ మహాసభ కథోలికుల మాట చెప్పింది. తర్వాత నాలుగు వందల యాభై ఏళ్లకు, 1999 అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. రక్షణ దేవుడి కృప వల్లనే, మన అర్హత వల్ల కాదు. ఆ కృప పొందినవాళ్లకు మంచి పనులు చేసే పిలుపూ శక్తీ అందులోనే దొరుకుతాయి. సారం అంతే. 2006లో మెథడిస్టులూ ఆ ప్రకటనతో కలిశారు.

పండితులు సంతకాలు పెట్టారు కదా, మరి మన దగ్గర ఈ ప్రశ్న ఎందుకు తీరలేదు? నా దృష్టిలో కారణం ఒకటే. ఇది మొదట పండితుల దగ్గర పుట్టిన ప్రశ్న కాదు. భోజనాల పంక్తిలో పుట్టింది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న చోట పుట్టింది. కోనసీమవాళ్లకు ఈ సంగతి అర్థమైనంత తొందరగా జర్మనీవాళ్లకు అర్థం కాదేమో.

గలతీ పత్రిక రెండో అధ్యాయం ఒక్కసారి నిదానంగా చదవండి. అంతియొకయ పట్టణంలో యూదులూ అన్యజనులూ కలిసి విశ్వాసులయ్యారు, కలిసి భోంచేస్తున్నారు. పేతురు కూడా వాళ్లతో కూర్చుని తింటున్నాడు. అంతలో యెరూషలేము నుంచి కొందరు వచ్చారు. యాకోబు దగ్గర నుంచి వచ్చినవాళ్లని పౌలే రాశాడు. వాళ్లను చూడగానే పేతురు జంకి, అన్యజనుల పంక్తి నుంచి పక్కకు తప్పుకున్నాడు. ఆయన్ను చూసి మిగతా యూదులూ లేచారు. బర్నబా అంతటివాడు కూడా లేచాడు. పౌలు ఊరుకోలేదు, అందరి ముందూ పేతురును నిలదీశాడు. నిలదీస్తూ చెప్పిన మాటల్లోనే, మనుషులు నీతిమంతులుగా ఎంచబడేది విశ్వాసం వల్లనే కానీ ధర్మశాస్త్ర సంబంధమైన క్రియల వల్ల కాదన్న సిద్ధాంతం ఆ పత్రికలో మొదటిసారి కనబడుతుంది. అంటే పౌలు మొదట వద్దన్నది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం లాంటి మంచి పనిని కాదు. మనిషిని పంక్తిలోకి రానివ్వడానికి పుట్టుకనూ ఆచారాన్నీ అడిగే అర్హతను వద్దన్నాడు.

ఇప్పుడు యాకోబు పత్రిక రెండో అధ్యాయం తీయండి. క్రియలు లేని విశ్వాసం సంగతి 14వ వచనంలో మొదలవుతుంది. అంతకు ముందు ఏముంది? సమాజమందిరంలోకి ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడికి వేలికి బంగారు ఉంగరం, ఒంటిన తళతళలాడే బట్టలు. రెండోవాడివి మాసిపోయిన బట్టలు. మొదటివాడికి మంచి చోటు చూపించి, రెండోవాడిని నిలబడమనో, కాళ్ల దగ్గర నేల మీద కూర్చోమనో అంటే అది పాపమని యాకోబు మండిపడతాడు. ఆ కోపంలోంచి వచ్చిందే క్రియల మాట. ఈ అధ్యాయంలో ఆయన అడిగిన మొదటి సత్క్రియ దానం కాదు, ఆసనం. అధ్యాయం చివర అబ్రాహాముతో పాటు ఇంకో పేరు తెచ్చాడు చూడండి: రాహాబు. కనాను దేశపు స్త్రీ, వేశ్య. గోత్రకర్తనూ ఆమెనూ ఒకే వరసలో కూర్చోబెట్టాడు. యాకోబు తాను చెప్పినది తన పత్రికలోనే చేసి చూపించాడు.

ఇలా చదివితే పౌలు, యాకోబు ఒకే తలుపును చెరో పక్క నుంచి తెరుస్తున్నారు. లోపలికి రావడానికి ఏ అర్హతా అడగొద్దు అన్నది పౌలు మాట. వచ్చినవాడికి నిజంగా చోటు ఇచ్చావా అన్నది యాకోబు మాట. అర్హత అడగలేదని చెప్పుకుంటూ చోటు ఇవ్వకపోతే, మనం పౌలునూ నమ్మలేదు, యాకోబునూ వినలేదు.

మన నేల సంగతి చూద్దాం. పెళ్లి భోజనాల్లో ఎవరి విస్తరి ఎక్కడ వెయ్యాలో, టీ కొట్టులో ఎవరి గ్లాసు ఏ చూరులో ఉండాలో లెక్కగట్టుకుని తరాలు బతికిన నేల ఇది. ఇలాంటి చోటికి 1836లో బ్రదరిన్ మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన జంటల్లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఉన్నారు. తర్వాత నరసాపురంలో స్థిరపడి, గోదావరి డెల్టా మిషన్‌గా పేరు తెచ్చుకున్న పనికి పునాది వేశారు. నెల జీతం ఏర్పాటు లేకుండా, దేవుడే చూసుకుంటాడన్న నమ్మకంతో బయల్దేరినవాళ్లు. బౌడెన్ రాతిపని చేసే మేస్త్రి, బీర్ చెప్పులు కుట్టేవాడు. తోలు ముట్టుకున్నారని మనుషుల్ని ఊరి బయట ఉంచిన చోట, చెప్పులు కుట్టిన చేతులతోనే ఒక దొర వచ్చి రొట్టె విరిచి పంచాడు. ప్రసంగాల కంటే ఆ చేతులు మన వాళ్లకు ఎక్కువ చెప్పి ఉంటాయని నాకనిపిస్తుంది. ఇవాళ్టికీ బ్రదరిన్ మందిరాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు.

అయితే పంక్తి పరీక్ష అందరికంటే కఠినంగా ఎదురైంది ఒంగోలులో, జాన్ క్లౌ దంపతులకు. ఆయన అమెరికన్ బాప్టిస్టు, 1866లో ఒంగోలు వచ్చాడు. అగ్రవర్ణాలవారు కొందరు శ్రద్ధగా వింటున్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు. అదే సమయంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి వెనుక పల్లెల నుంచి మనుషులు బాప్తిస్మం అడుగుతూ వచ్చారు. పెద్ద కులాలవారు ముందే చెప్పేశారు: వాళ్లను చేర్చుకుంటే మేం రాము. క్లౌ సతమతమయ్యాడు. పట్టణంలో పలుకుబడి ఉన్నవాళ్లు వస్తే పని ఎంత పెరుగుతుందోనన్న ఆలోచన ఎవరికి మాత్రం రాదు? ఆ కలతలో గదిలో ఒంటరిగా కూర్చుని బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం వచ్చింది: లోకం తక్కువగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం. భార్య దగ్గరికి వెళ్తే ఆమె కూడా తన గదిలో తనంతట తాను ఆ భాగమే తెరిచి చదువుతోంది. ఇద్దరికీ సందేహం తీరింది. వచ్చిన మాదిగలను చేర్చుకున్నారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. ఆ నష్టాన్ని దంపతులు భరించారు. విశ్వాసం, క్రియ ఒక్క నిర్ణయంలో కలిసిపోయిన చోటు చూపించమంటే నేను చూపించేది దీన్నే.

పదేళ్లకు ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి పనీ కూలీ ఇప్పించాడు. మిషన్ బోధకులే అక్కడ మేస్త్రీలు. తవ్వకం జరుగుతుంటే బాప్తిస్మం అడిగినవాళ్లు తక్కువమంది కాదు. క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. గింజల కోసం మతంలో కలిశారన్న మాట ఎవరూ అనకూడదు, వచ్చేవాళ్లకూ తమ మనసు తమకు స్పష్టంగా తెలియాలి. కరువు పని అయిపోయింది, పంచడానికి డబ్బు లేదు. అయినా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మన సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. అంతకు ముందు నడిచిన ఆ నిరాకరణ నెలల్ని చెప్పుకోం. నాకు ఆ నెలలే పెద్దవి. అన్నం పెట్టడాన్ని విశ్వాసానికి బయానాగా మార్చనివ్వని మనిషి, ఆ రెండింటి మర్యాదనూ కాపాడాడు.

సత్క్రియకు వచ్చే పెద్ద జబ్బు లెక్క. ఇచ్చింది రాసుకోవడం, రాసుకున్నది చదివించుకోవడం, ఫలకం మీద పేరు చెక్కించుకోవడం. దానికి విరుగుడు మన ఆడవాళ్ల వంటగదిలో తరతరాలుగా ఉంది. అన్నం వండడానికి బియ్యం కొలిచి చేటలో పోశాక, కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తారు. పొద్దునా అంతే, రాత్రీ అంతే. ఇంట్లో నలుగురికే చాలీ చాలకుండా ఉన్న రోజున కూడా ఆ పిడికిలి ఆగదు, కాస్త చిన్నదవుతుంది. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో పోసుకుని మందిరానికి తెచ్చి కుప్పలో గుమ్మరిస్తారు. సన్నబియ్యం, కోటాబియ్యం, దంపుడుబియ్యం, అన్నీ కలిసిపోతాయి. ఏది ఎవరిదో తెచ్చినవాళ్లే చెప్పలేరు. ఆ బియ్యం బోధకుడి ఇంటికీ వెళ్తుంది, మంచాన పడ్డ వితంతువు ఇంటికీ వెళ్తుంది. రక్షణ కొనుక్కోవడానికి ఆ తల్లి పిడికెడు బియ్యం తియ్యడం లేదు. తీసినట్టు ఆమెకు గుర్తు కూడా ఉండదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో రాజు కుడివైపు నిలబెట్టినవాళ్లూ ఇలాంటివాళ్లే. నువ్వు ఆకలిగా ఉంటే మేమెప్పుడు పెట్టామని వాళ్లు ఆశ్చర్యపోతారు. చేసింది జ్ఞాపకం లేదు. ఎడమవైపువాళ్లు మాత్రం తాము చెయ్యనిదంటూ ఏదీ లేదన్న ధీమాతో వాదానికి దిగుతారు.

లెక్క చూడని సత్క్రియకు ఉదాహరణలు ఇంకా ఉన్నాయి. రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టు మిషనరీ మిస్ హ్యాచ్ కుష్ఠు రోగుల కోసం ఆశ్రమం పెట్టించింది. అప్పటికి ఆ వ్యాధిని నయం చేసే మందు లేదు. నయం చేసి పంపగలమన్న ఆశతో మొదలైన పని కాదది. ఏ పంక్తిలోనూ చోటు లేనివాళ్లకు మంచం, తిండి, పుండ్లకు కట్టు, పేరు పెట్టి పిలిచే మనిషి. రాజమండ్రి లూథరన్ ఆసుపత్రి వెనుక డాక్టర్ లిడియా వోర్నర్ ఉంది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ సేవ చూసి, ఏలూరు జమీందారు మంత్రిప్రెగడ భుజంగరావు బహద్దరు రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. ఆయన హిందువు. సత్క్రియ మా ఒక్కరిదే అనుకునే క్రైస్తవుడికి ఆ సత్రాన్ని గుర్తు చెయ్యాలి. మన ధవళేశ్వరం ఆనకట్టే ఉంది, 1847లో మొదలై 1852కు పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. ఆయనకు కుడిభుజంగా నిలిచి కూలీలను సమకూర్చిన వీణెం వీరన్న బ్రాహ్మణుడు. ఆ నీళ్లు ఏ పొలానికి పారేటప్పుడూ పొలం యజమాని మతం అడగలేదు.

ఇంత చెప్పాక మన సంఘాల గురించి చెప్పకుండా దాటేస్తే అది తప్పవుతుంది. ఒక మిషన్ ఒక పేటలో, ఇంకో మిషన్ పక్క పేటలో పని చేసిన చరిత్ర వల్ల, మన దగ్గర చాలా మందిరాలు ఒకే కులం మందిరాలుగా మిగిలిపోయాయి. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలో తాగుతాం, సంబంధం మాట వచ్చేసరికి పేట పేరు అడుగుతాం. సమాధుల దొడ్డిలో కూడా ఎవరి మూల వారిదే అన్న చోట్లున్నాయి. మన కోనసీమ జిల్లా పేరులో అంబేడ్కర్ ఉన్నారు. కులం పోవడానికి సహపంక్తి ఒక్కటే చాలదు, కులాంతర వివాహమే అసలు మందు అని చెప్పిన మనిషి ఆయన. కృప వల్లనే రక్షణ అని పాడుకునే సంఘం పుట్టుకను అడిగితే, అది పేతురు అంతియొకయలో చేసిన పనే. మనల్ని నిలదీసే పౌలు బయట నుంచి రానక్కర్లేదు. ఆయన పత్రికలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.

గోదావరి వరద మాత్రం ఏటా ఈ తప్పు దిద్దుకునే ఒక అవకాశం ఇస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీరు మనందరం చూశాం. లంకలవాళ్లు పశువులతో, మూటలతో గట్టెక్కుతారు. గట్టు మీద అందరూ తడిసినవాళ్లే. అక్కడికి అన్నం పొట్లాలు మోసుకొచ్చే మంచి మనసులకు కొదవ లేదు. కానీ ఒక్కో సంఘం తన బ్యానరుతో వస్తుంది, తనవాళ్ల గుడారాలు వెతుక్కుంటుంది. ఒక గుడారానికి మూడు సార్లు అందుతుంది, పక్క గుడారానికి ఒక్కసారీ అందదు.

అందుకని ఆలమూరు, రావులపాలెం, ఆత్రేయపురం, కపిలేశ్వరపురం వైపు సంఘాల పెద్దలకూ పాస్టరుగార్లకూ నాదొక విన్నపం. వచ్చే జూన్ మొదటి వారంలో, నీరు రాకముందే, మీరంతా ఒక్కచోట కూర్చోండి. ఎవరి దగ్గర పెద్ద గిన్నెలున్నాయి, ఎవరి దగ్గర టార్పాలిన్లున్నాయి, ఎవరి మందిరం ఎత్తు మీద ఉంది, దాని తాళం రాత్రిపూట ఎవరి ఇంట్లో ఉంటుంది, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతి ఊరి గట్టు మీదా ఒక్కటే పొయ్యి పెట్టండి. బ్యానరు వద్దు. పొట్లంతో పాటు కరపత్రం వద్దు, క్లౌ దొర చూపించిన మర్యాద అది. వండేవాళ్లలో ప్రతి పేట నుంచీ మనుషులుండాలి. పడవ దిగినవాళ్లను దిగిన వరసలోనే కూర్చోబెట్టి వడ్డించండి, ఏ మతంవారైనా, ఏ పేటవారైనా. పిడికెడు బియ్యం డబ్బాలు ఆ నెలంతా ఆ పొయ్యికే రావాలి. రెవెన్యూవాళ్లకు కూడా ఆ కాగితం నకలొకటి ముందే ఇచ్చి ఉంచితే పడవలు ఎటు పంపాలో వాళ్లకు తెలుస్తుంది.